1000 లీటర్లు, 150 ఏహెచ్: తుపాను వారానికి ఇంటి లెక్క

2014 అక్టోబరు 12, ఆదివారం మధ్యాహ్నం హుద్‌హుద్ సరిగ్గా విశాఖపట్నం మీదే తీరం దాటింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస వైపు వచ్చి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. అంతకుముందు కోనసీమను ఊడ్చేసిన తుపాను 1996 నవంబరు 6న. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న. మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది 2023 డిసెంబరు 5న. 2010లో లైలాలా మే నెలలో వచ్చేవీ ఉన్నాయి గానీ, కోస్తాకు పెద్ద దెబ్బలు దసరా రోజులకీ నెలగంట పెట్టే రోజులకీ మధ్యే తగిలాయి. తిత్లీ అయితే దసరాకు వారం ముందే వచ్చేసింది. అందుకే ఇల్లు సర్దుకునే పని వినాయకుణ్ణి సాగనంపిన వారంలోనే పెట్టుకోవాలి. టీవీలో తుపాను పేరు వినబడ్డాక బజారుకు వెళ్తే కొవ్వొత్తులు కూడా దొరకవు.

హుద్‌హుద్ తర్వాత విశాఖలో కొన్ని కాలనీలకు కరెంటు రావడానికి వారం దాటింది. పెట్రోలు బంకుల ముందు బారులు, పాల ప్యాకెట్ల కోసం పరుగులు, పనిచేయని ఏటీఎంలు ఆ ఊరివాళ్లందరికీ గుర్తే. మన ఇళ్లలో కరెంటు కోతకు చేసుకున్న ఏర్పాట్లన్నీ గంటల లెక్కన చేసుకున్నవి. రెండు గంటల కోతకు ఇన్వర్టరు, పూట నీళ్లు రాకపోతే ట్యాంకు. తుపాను మాత్రం రోజుల లెక్కన వస్తుంది. గంటల కోసం కొన్న సామాను రోజుల తరబడి పనికిరావాలంటే వాడకం ఎంత తగ్గించాలో ముందే లెక్క వేసుకోవాలి. ఆ లెక్క కష్టమైనదేమీ కాదు, గుణకారం, భాగహారం వస్తే చాలు.

ముందు గాలి సంగతి. గంటకు 62 కిలోమీటర్లు దాటితే వాతావరణ శాఖ దాన్ని తుపాను అంటుంది. 89 దగ్గర తీవ్ర తుపాను, 118 దగ్గర అతి తీవ్ర తుపాను. గాలి నెట్టే బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది. అంటే 60 కిలోమీటర్ల గాలితో పోలిస్తే 120 కిలోమీటర్ల గాలి నాలుగు రెట్లు, 180 కిలోమీటర్ల గాలి తొమ్మిది రెట్లు బలంగా స్తంభాన్ని తోస్తుంది. హుద్‌హుద్ గాలి 170-180 మధ్య వీచింది. అందుకే 'తుపాను' అన్నప్పుడు కొమ్మలు విరిగి పూటలో సరిచేసే కోత, 'అతి తీవ్ర' అన్నప్పుడు స్తంభాలు పడి రోజులు పట్టే కోత అవుతుంది. వార్తల్లో ఆ మాట మారగానే మన లెక్కా మారాలి.

కరెంటు ఎందుకంత ఆలస్యంగా వస్తుందో తెలిస్తే ఎన్ని రోజులకు సిద్ధపడాలో అర్థమవుతుంది. మొదట 220, 132 కేవీ పెద్ద లైన్లు నిలబడాలి. ఆ తర్వాత 33 కేవీ లైన్లు, సబ్‌స్టేషన్లు. అక్కణ్ణుంచి 11 కేవీ ఫీడర్లు, వాటి మీద వీధుల్లోని ట్రాన్స్‌ఫార్మర్లు. చివరికి మన ఇంటికొచ్చే 230 వోల్టుల తీగ. పైమెట్టు సరికాకుండా కిందిమెట్టు సరిచేసినా ఫలితం ఉండదు. ఆసుపత్రులు, మంచినీటి పథకాలున్న ఫీడర్లను ముందు బాగుచేస్తారు, అది న్యాయం కూడా. ఎదురింట్లో లైట్లు వెలిగి మనింట్లో వెలగకపోతే ఎవరో పక్షపాతం చూపారని కాదు, వాళ్లది వేరే ట్రాన్స్‌ఫార్మర్ అయివుంటుంది. వీధి చివర, లైను ఆఖర్న ఉండే ఇళ్లు ఇంకో రెండు రోజులు అదనంగా లెక్కలో వేసుకోవాలి. తీరానికి దగ్గరి జిల్లాల్లో ఏడు రోజులు, లోపలి జిల్లాల్లో మూడు రోజులు అని నా అంచనా.

ఇక అసలు విషయం, నీళ్లు. కరెంటు పోయిందనగానే అందరికీ ఫ్యాను, ఫోను గుర్తొస్తాయి. కానీ ఇంట్లో మొదట నిలిచిపోయేది మోటారు.

మన దేశంలో పట్టణాలకు నీటి సరఫరా లెక్క మనిషికి రోజుకు 135 లీటర్లు. నలుగురికి 540. డాబా మీద 1000 లీటర్ల ట్యాంకు నిండుగా ఉన్నా మామూలుగా వాడితే రెండు రోజులు నిండవు. విపత్తు శిబిరాలకు ప్రపంచవ్యాప్తంగా పాటించే కనీస ప్రమాణం మనిషికి 15 లీటర్లు, అందులో తాగడానికి రెండున్నర నుంచి మూడు లీటర్లు. నలుగురికి 60. దానికి మరుగుదొడ్డి నీళ్లు కలపాలి. ఫ్లష్ ట్యాంకు నొక్కితే ఒక్కసారికే ఎనిమిది, పది లీటర్లు పోతాయి. మగ్గుతో పోస్తే మూడు లీటర్లతో సరిపోతుంది. మనిషికి రోజుకు ఐదుసార్లు చొప్పున నలుగురికి 60 లీటర్లు. మొత్తం 120. అదే 1000 లీటర్ల ట్యాంకు ఇప్పుడు ఎనిమిది రోజులు వస్తుంది. కొత్తగా ఒక్క రూపాయి ఖర్చు లేదు. తుపాను హెచ్చరిక రాగానే ఫ్లష్ ట్యాంకు కింది కుళాయి కట్టేసి పక్కన బకెట్టూ మగ్గూ పెట్టడమే పని.

అపార్ట్‌మెంట్లలో ఇది ఒక ఇంటి చేతిలో ఉండదు. 20 ఫ్లాట్లకు పైన 10,000 లీటర్ల ట్యాంకు ఉందనుకుందాం. మామూలు వాడకం రోజుకు 10,800 లీటర్లు, అంటే రేపు పొద్దుటికి ఖాళీ. పొదుపు లెక్కన రోజుకు 2,400, నాలుగు రోజులు నడుస్తుంది. అయితే ఇరవై ఇళ్లలో పందొమ్మిది జాగ్రత్తగా ఉండి ఒక ఇంట్లో షవరు కింద నిలబడితే అందరి లెక్కా తప్పుతుంది. అందుకే అసోసియేషన్ వాళ్లు వాల్వు కట్టేసి ఉదయం అరగంట, సాయంత్రం అరగంట వదలాలి. ఈ మాట తుపాను వచ్చాక అంటే తగువు అవుతుంది, సెప్టెంబరు మీటింగులో తీర్మానం చేసి నోటీసు బోర్డు మీద పెడితే కాదు. జనరేటరు డీజిలు మోటారుకా, లిఫ్టుకా అన్నదీ అప్పుడే తేల్చుకోవాలి. నా మట్టుకు మోటారుకే. నడవలేని పెద్దవాళ్లను తుపానుకు ముందే కింది అంతస్తులో ఎవరింట్లోనైనా సర్దితే లిఫ్టు అవసరమే చాలావరకు తప్పుతుంది.

ట్యాంకు నింపుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. వెయ్యి లీటర్ల నీళ్లంటే ఒక టన్ను బరువు. నిండు ట్యాంకు గాలికి కదలదు. ఖాళీ ప్లాస్టిక్ ట్యాంకు డాబా మీంచి ఎగిరి పక్కింటి మీదో, రోడ్డు మీదో పడుతుంది.

తాగే నీళ్లు విడిగా పట్టుకోవాలి. మనిషికి 3 లీటర్లు, నలుగురికి ఏడు రోజులకు 84 లీటర్లు. ఇరవై లీటర్ల క్యాన్లు నాలుగు, ఒక బిందె. మినరల్ వాటర్ ప్లాంటు కూడా కరెంటు మీదే నడుస్తుందనీ, ఇంట్లో ఆర్వో యంత్రమూ అంతేననీ మరవకూడదు. ఆశా కార్యకర్తలు, ఆరోగ్య ఉపకేంద్రాల్లో ఇచ్చే అర గ్రాము క్లోరిన్ బిళ్ల ఒకటి 20 లీటర్ల తేట నీటికి సరిపోతుంది. వేసి అరగంట ఆగి తాగాలి. నీళ్లు మురికిగా ఉంటే ముందు గుడ్డతో వడకట్టి తేర్చుకోవాలి. బిళ్లలు రకరకాల బరువుల్లో వస్తాయి కాబట్టి పట్టీ మీద ఎన్ని లీటర్లకని రాశారో చూడాలి. గ్యాసు ఉంటే నీళ్లు తెర్లేదాకా కాచి చల్లార్చుకోవడం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్టు లీటరు నీళ్లకు ఒకటి, కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయాలి.

బ్యాటరీకి వద్దాం. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది 12 వోల్టులు, 150 ఏహెచ్ బ్యాటరీ. రెండూ గుణిస్తే 1800 వాట్-అవర్లు, మీటరు భాషలో 1.8 యూనిట్లు. అంతా చేతికి రాదు. లెడ్ బ్యాటరీని 60 శాతం మించి తోడేస్తే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. ఇన్వర్టరులో ఇంకో 15 శాతం వేడిగా పోతుంది. మిగిలేది సుమారు 900 వాట్-అవర్లు. మూడేళ్లు దాటిన బ్యాటరీ, డిస్టిల్డ్ వాటర్ పోయక ఎండిన బ్యాటరీ అయితే ఇందులోనూ కోత పడుతుంది.

ఇప్పుడు ఖర్చు చూద్దాం. రెండు మామూలు సీలింగ్ ఫ్యాన్లు 150 వాట్లు, నాలుగు ఎల్ఈడీ బల్బులు 36, టీవీ 60, వైఫై 10. మొత్తం 256 వాట్లు. 900ని 256తో భాగిస్తే మూడున్నర గంటలు. కరెంటు పోయిన సాయంత్రం ఏమీ కట్టేయకుండా కూర్చున్న ఇంట్లో రాత్రి భోజనాల వేళకే ఇన్వర్టరు కుయ్యిమంటుంది.

అదే బ్యాటరీతో ఇంటిల్లిపాదీ ఒకే గదిలో పడుకుని, రాత్రి ఎనిమిది గంటలు ఒక్క ఫ్యాను వేసుకుంటే? మామూలు ఫ్యాను 75 వాట్ల చొప్పున 600 వాట్-అవర్లు. మూడు ఫోన్ల చార్జింగుకు 60. ఇక్కడ చాలామందికి తెలియని ఖర్చు ఒకటుంది. ఇన్వర్టరు ఆన్‌లో ఉంటే చాలు, ఏమీ నడపకపోయినా తన కోసం 10 నుంచి 20 వాట్లు తింటుంది. సగటున 15 వాట్లనుకుని రోజంతా ఆన్‌లో వదిలేస్తే 360 వాట్-అవర్లు, అంటే వాడుకోదగ్గ చార్జిలో ఐదింట రెండొంతులు ఎవరికీ పనికిరాకుండా పోతుంది. పగలు దాని బటన్ నొక్కి పూర్తిగా ఆపేయాలి. ఎనిమిది గంటలకే అయితే దాని తిండి 120. మొత్తం 780. ఒక రాత్రి గడుస్తుంది. ఆ గదిలోది బీఎల్‌డీసీ ఫ్యాను అయితే 30 వాట్లే కాబట్టి ఎనిమిది గంటలకు 240, అన్నీ కలిపి 420. రెండు రాత్రులు నిశ్చింతగా నిద్రపోవచ్చు. వెలుతురుకు ఇన్వర్టరును ముట్టుకోకుండా చార్జింగ్ బల్బులు, టార్చ్‌లైట్లు వాడుకోవాలి. ఏటా ఏదో ఒక ఫ్యాను మార్చే ఇళ్లు పడకగదిదే ముందు మార్చుకుంటే మంచిది.

ఫ్రిజ్ సంగతి ఎత్తను కూడా ఎత్తకూడదు. రోజుకు ఒకటి, ఒకటిన్నర యూనిట్లు లాగేదాన్ని 0.9 యూనిట్ల బ్యాటరీ మోయలేదు.

మూడో రాత్రికి ఎండే దిక్కు. తుపాను దాటిన మర్నాడో, ఆ మర్నాడో చాలాసార్లు ఎండ కాస్తుంది. బ్యాటరీకి చార్జ్ కంట్రోలర్‌తో కలిపే 150 వాట్ల చిన్న ప్యానెల్ నాలుగు గంటల మంచి ఎండలో 600 వాట్-అవర్లు ఇస్తుంది. నష్టాలు పోను 400 మిగుల్తాయి, అంటే పైన చెప్పిన బీఎల్‌డీసీ రాత్రికి దాదాపు సరిపోయినంత. గాలి మొదలవకముందే దాన్ని విప్పి లోపల పెట్టుకోవాలి. డాబా మీద పెద్ద సోలార్ పెట్టించుకున్నవాళ్లు ఒక సంగతి తప్పకుండా తెలుసుకోవాలి. పీఎం సూర్య ఘర్ కింద 78,000 రూపాయల సబ్సిడీతో పెట్టే 3 కిలోవాట్ల ప్యానెళ్లు మామూలు రోజుల్లో 12 యూనిట్ల వరకు ఇస్తాయి. వీధిలో కరెంటు పోతే మాత్రం, ఎంత ఎండ కాస్తున్నా, బ్యాటరీ లేని గ్రిడ్ ఇన్వర్టరు తనంతట తానే ఆగిపోతుంది. లైన్లో పనిచేసేవాళ్లకు షాకు కొట్టకూడదని అలా తయారుచేస్తారు, అది లోపం కాదు. కోతలోనూ వాడుకోవాలంటే హైబ్రిడ్ ఇన్వర్టరు, బ్యాటరీ అడిగి పెట్టించుకోవాలి. ఈ మాట ఒప్పందం మీద సంతకానికి ముందే తేలాలి.

ఈ లెక్కలన్నిటికన్నా ముఖ్యమైనది, మంచం మీద ఉన్నవాళ్ల లెక్క. ఇంట్లో ఆక్సిజన్ కాన్‌సెంట్రేటర్ మీద ఉన్నవాళ్లుంటే, ఐదు లీటర్ల యంత్రం సుమారు 350 వాట్లు తీసుకుంటుంది. మన బ్యాటరీతో రెండున్నర గంటలే. బి-టైపు సిలిండరులో 1500 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది, నిమిషానికి రెండు లీటర్ల చొప్పున పన్నెండున్నర గంటలు వస్తుంది. డి-టైపు జంబో సిలిండరులో 7000 లీటర్లు, రెండు రోజుల పైన. సిలిండరు అమర్చుకోలేకపోతే తీరం దాటే ముందురోజే ఆసుపత్రిలో చేర్చాలి. చెట్లు పడ్డ రోడ్ల మీద 108 బండి ఎప్పటికి వస్తుందో ఎవరూ చెప్పలేరు. నెలలు నిండిన గర్భిణులకు, డయాలసిస్ వాళ్లకు కూడా ఇదే మాట.

ఇన్సులిన్ వాడేవాళ్లు కంగారుపడనక్కర్లేదు. వాడుకలో ఉన్న సీసా, పెన్ను చాలా రకాల్లో 30 డిగ్రీల లోపు వేడిలో నాలుగు వారాలు బయట ఉండొచ్చు. డబ్బాలోని కాగితం చూసి ఖాయం చేసుకోవాలి. తెరవని సీసాలే 2 నుంచి 8 డిగ్రీల్లో ఉండాలి. వాటిని గాలి చొరబడని డబ్బాలో వేసి నీళ్లకుండలో దించితే పగటి వేడి నుంచి కాచుకోవచ్చు. ఐసు గడ్డల మీద నేరుగా పెట్టి గడ్డకట్టనిస్తే ఆ మందు ఇక పనికిరాదు. బీపీ, షుగరు, థైరాయిడ్, ఫిట్స్ మాత్రలు రెండు వారాలకు తగ్గకుండా ఉంచుకోవాలి.

తలుపు తీయకపోతే ఫ్రిజ్ నాలుగు గంటల పాటు చల్లదనం నిలుపుకుంటుంది. ఆ తర్వాత పాలు కాచేయడం, చేపలూ మాంసమూ వండేయడం తప్పదు. తిండి గురించి నాకు పెద్ద దిగులు లేదు. పెద్దవాళ్లకు రోజుకు 400 గ్రాముల బియ్యం వేసుకున్నా నలుగురికి వారానికి 11 కిలోలు, చాలా ఇళ్లలో 25 కిలోల బస్తా ఉంటుంది. చిక్కంతా మిక్సీ, గ్రైండరు తిరగకపోవడంతోనే. ఇడ్లీ పిండి, చట్నీలు ఉండవు. ఉప్మా రవ్వ, అటుకులు, కందిపొడి, ఊరగాయ, వేరుశనగపప్పు, బెల్లం, పాలపొడి ఉంటే వారం గడుస్తుంది. పొద్దున కలిపిన చింతపండు పులిహోర రాత్రికీ బాగుంటుంది. ఇండక్షన్ స్టవ్ మీదే ఆధారపడ్డవాళ్లు గ్యాసు చూసుకోవాలి. సిలిండరు ఖాళీ బరువు దాని మీదే రాసి ఉంటుంది. బరువు తూచే మిషను మీద పెట్టి అందులోంచి అది తీసేస్తే లోపల ఎన్ని కిలోలుందో తెలుస్తుంది. 14.2 కిలోలు నెలరోజులు వచ్చే ఇంట్లో రోజుకు అర కిలో ఖర్చు. నాలుగు కిలోల కంటే తక్కువ ఉంటే ఇప్పుడే బుక్ చేయాలి.

ఫోను విషయంలో అట్టపెట్టె మీద అంకెను నమ్మకూడదు. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు 5,000 ఎంఏహెచ్ ఫోనును నాలుగుసార్లు నింపాలి. వోల్టేజీ మార్పులో పోయేది పోగా నిజంగా వచ్చేది రెండున్నర, మూడుసార్లు. టవర్లకూ బ్యాటరీలు, డీజిలే ఆధారం, అవీ అయిపోతే సిగ్నలు పోతుంది. అప్పుడు ఫోను సిగ్నలు వెతుక్కుంటూ చార్జి తినేస్తుంది. ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఊరికి దూరంగా ఉన్న ఒక బంధువుకు మాత్రం రోజుకు రెండుసార్లు, ముందే అనుకున్న వేళకు చేయాలి. మిగతావాళ్లంతా ఆ ఒక్కరినే అడిగి తెలుసుకుంటారు. రెండు పెన్సిల్ సెల్లులతో నడిచే ట్రాన్సిస్టర్‌లో ఆకాశవాణి వినొచ్చు. ఫోన్లు పనిచేయనప్పుడు యూపీఐ కూడా ఉండదు, అందుకని 10, 20, 50, 100 నోట్లు ఇంట్లో ఉండాలి. 500 నోటుకు ఆ రోజుల్లో చిల్లర పుట్టదు. 112 అత్యవసరాలకు, 1070 రాష్ట్ర విపత్తు కేంద్రానికి, 1077 జిల్లాకు, 1912 కరెంటు ఫిర్యాదులకు. వీటిని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంచాలి.

పెట్రోలు జనరేటరు కొనాలనుకునేవాళ్లకు రెండు అంకెలు. ఒక హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు కిలోవాటుకు కాస్త పైన తీసుకున్నా మొదలయ్యేటప్పుడు మూడు నుంచి ఐదు రెట్లు లాగుతుంది, కాబట్టి 2 కేవీఏ జనరేటరు మీద అది మొరాయించవచ్చు. గంటకు సుమారు లీటరు పెట్రోలు ఖర్చు. బంకులో పంపు నడవడానికీ కరెంటు కావాలి గనక రోజుకు ఒక గంటే నడిపి, మోటారూ ఫోన్లూ బ్యాటరీ చార్జింగూ అప్పుడే కానివ్వాలి. దాన్ని ఇంటి నుంచి కనీసం 20 అడుగుల దూరంలో, ఆరుబయట పెట్టాలి. వరండాలో, మెట్ల కింద పెడితే కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా తెలియకుండా నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఇంకో ప్రమాదం మన ఇంటికి బయట ఉంది. కొందరు చేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటరు వైరును గోడ ప్లగ్గులో పెట్టేస్తారు. మెయిన్ స్విచ్ తీయకపోతే ఆ కరెంటు వెనక్కి వీధిలోకి పోతుంది. 11,000 వోల్టులను 433కి దించే ట్రాన్స్‌ఫార్మరే, వెనకనుంచి కరెంటు వస్తే దాన్ని వేల వోల్టులకు పెంచుతుంది. లైను చచ్చిపోయిందన్న నమ్మకంతో స్తంభమెక్కిన లైన్‌మన్ చేతిలో ఉండేది ఆ తీగే. మన ఇంట్లో దీపం వెలగాలని వానలో, బురదలో రాత్రింబవళ్లు పనిచేసే మనిషి అతను. చేంజోవర్ స్విచ్ పెట్టించడం ఎలక్ట్రీషియన్‌కు ఒక పూట పని.

తుపానుతోనే కరెంటు పోతుందని కూడా లేదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వెళ్లాయి. నీళ్లలో కరెంటు ప్రమాదమని సరఫరా ఆపేశారు, జనం పై అంతస్తుల్లో రోజులు గడిపారు. కింద నేల మీద పెట్టిన ఇన్వర్టరు అలాంటప్పుడు మొదటి గంటలోనే పోతుంది. 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ 50, 60 కిలోలుంటుంది, అప్పటికప్పుడు ఒక్కరే మేడెక్కించలేరు. పల్లపు ప్రాంతాలవాళ్లు బిగించేటప్పుడే నాలుగడుగుల ఎత్తున పెట్టించాలి. తాగునీటి క్యాన్లు, మందులు, పత్రాలు పై అంతస్తులో ఉండాలి.

వాతావరణ శాఖ హెచ్చరికలకు ఒక వరుస ఉంది. తుపాను ప్రభావం మొదలవడానికి 72 గంటల ముందు తొలి సూచన, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక. మందులు, గ్యాసు, నోట్లు మొదటి రోజు పని. రెండో రోజు బ్యాటరీ నీళ్లు, పవర్ బ్యాంకులు, డాబా మీది కుండీలు, రేకులు. మూడో రోజు సంపు, ట్యాంకు, బిందెలు, గోలెం అన్నీ నింపడం, బట్టలు ఉతికేసుకోవడం. రేవుల్లో ఎగరేసే ఒకటి నుంచి పదకొండు దాకా ప్రమాద సూచికలు ఓడలవాళ్ల కోసం. ఎనిమిది దాటితే మాత్రం తీరంలో ఇంటివాళ్లు కూడా బయటికి రాకూడదు.

కరెంటు వచ్చిన నిమిషంలో వోల్టేజీ ఎగిరెగిరి పడుతుంది. ఫ్రిజ్, ఏసీ, మోటారు, టీవీ ప్లగ్గులు పోయినప్పుడే తీసేసి ఒక్క బల్బు స్విచ్ వేసి ఉంచాలి. అది పదిహేను నిమిషాలు మినుకుమినుకుమనకుండా నిలకడగా వెలిగితే ముందు మోటారు వేసి ట్యాంకు నింపుకోవాలి, మళ్లీ పోయినా పోవచ్చు. ఆ తర్వాత ఇన్వర్టరు, చివర ఫ్రిజ్. మీటరు బోర్డు, ప్లగ్ పాయింట్లు నీళ్లలో మునిగిన ఇంట్లో మాత్రం ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా మెయిన్ వేయకూడదు. వీధిలో తెగిపడిన తీగ కనిపిస్తే, ఊరంతా చీకటిగా ఉన్నా సరే, దాని దగ్గరికి పోకుండా, పిల్లలను పోనివ్వకుండా 1912కి చెప్పాలి.